డీజేకూ బీట్ల తయారీకీ ప్యాడ్ కంట్రోలర్ కొనే ముందు

గుంటూరు బ్రాడీపేట నుంచి మీరు అడిగిన సంగతిని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ఏడాదిగా పెళ్లిళ్లలో, పుట్టినరోజు వేడుకలలో స్నేహితుడి రెండు డెక్కుల (రెండు పాటలను పక్కపక్కనే నడిపే) కంట్రోలర్ మీద పాటలు కలుపుతున్నారు. రాత్రిపూట ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని డప్పు దరువుల మీద సొంత బీట్లు కట్టుకుంటున్నారు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పరికరానికే సరిపోతుంది. వేళ్లతో తట్టే 16 ప్యాడ్ల మిడి కంట్రోలర్ (వాయించిన సంకేతాలను కంప్యూటర్‌కు పంపే పరికరం) తీసుకోవాలా, వెలిగే చిన్న గళ్లు 64 ఉన్న గ్రిడ్ తీసుకోవాలా, ఏది తీసుకున్నా దానితోనే డీజే పని కూడా నడుస్తుందా అన్నది మీ సందేహం.

విజయవాడ పటమటలో ఒక చిన్న గదిలో రికార్డింగ్ పని చేసుకుంటూ, ముహూర్తాలున్న నెలల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల కళ్యాణ మండపాలలో డీజేగా పనిచేస్తూ నేను 15 ఏళ్లు గడిపాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ అవసరానికి వేలి బలాన్ని పసిగట్టే 16 ప్యాడ్ల కంట్రోలరే సరైనది. అయితే పెళ్లి పందిట్లో అది ఒక్కటే మిమ్మల్ని నిలబెట్టలేదు. దానికి తోడుగా మరో చిన్న పెట్టె, అంటే నాలుగు అవుట్‌పుట్ల సౌండ్ కార్డ్, కావాలి. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెప్పకపోతే నా సలహా మీకు ఉపయోగపడదు కనుక కాస్త విస్తరించి రాస్తున్నాను.

ప్యాడ్ కంట్రోలర్ కొనబోయేవారు ఎక్కువగా ప్యాడ్ల సంఖ్యనూ, రంగు దీపాలనూ చూస్తారు. ముందుగా తేల్చుకోవలసినది వేరే ఉంది: ఆ ప్యాడ్ మీ చేతిలో వాద్యంగా ఉండాలా, స్విచ్చుగా ఉండాలా? ప్యాడ్‌ను తాకినప్పుడు కంప్యూటర్‌కు వెళ్లే మిడి సందేశంలో ఏ ఛానల్, ఏ నోట్ అన్నవాటితో పాటు ఎంత గట్టిగా కొట్టారన్న కొలత కూడా 1 నుంచి 127 వరకు ఒక అంకెగా వెళుతుంది. ఆ అంకెనే వెలాసిటీ అంటాము. వెలాసిటీని కొలిచే ప్యాడ్ల కింద ఒత్తిడిని గుర్తించే పొర ఉంటుంది, అందువల్ల మెల్లగా తట్టితే 30, గట్టిగా కొడితే 115 వెళుతుంది. కొలవని ప్యాడ్ అసలు బొత్తాము మాత్రమే. ఎలా నొక్కినా ఒకే అంకె వెళుతుంది. దుకాణంలో ఈ రెండూ పక్కపక్కనే పెడితే చూపుకు పెద్ద తేడా కనబడదు, పైగా బొత్తాల పరికరమే ఎక్కువ దీపాలతో కళ్లను లాగుతుంది.

మూడేళ్ల కిందట తెనాలి నుంచి ఒక కుర్రవాడు నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చాడు. 64 గళ్ల పరికరం కొనుక్కుని, దాని మీద డప్పు శాంపిళ్లు (రికార్డు చేసిన చిన్న శబ్దపు ముక్కలు) ఎక్కించుకుని, నాలుగు నెలలుగా రోజూ సాధన చేస్తున్నాడు. తన దరువు యంత్రంలా వినిపిస్తోందనీ, వేళ్లలో పట్టు లేదేమోననీ బాధపడ్డాడు. అతని వేళ్లు చక్కగా ఆడుతున్నాయి, లయ కూడా స్థిరంగా ఉంది, కానీ ఆ పరికరం ప్రతి దెబ్బనూ 127గానే పంపుతోంది. డప్పులో సిర్ర అనే కర్రతో కొట్టే బలమైన దెబ్బకూ, చిటికెన పుల్లతో మధ్యమధ్య నింపే సన్నని దెబ్బలకూ ఉండే తేడాయే దరువుకు ప్రాణం. ఆ తేడాను పరికరం పూర్తిగా మింగేసింది. నా ప్యాడ్ల మీద కూర్చోబెట్టిన పది నిమిషాలలో అతని దరువు అతనికే కొత్తగా వినబడింది. ఆ నాలుగు నెలల నిరాశ మీకు రాకూడదనే ఈ విషయాన్ని అన్నింటికన్నా ముందు పెట్టాను.

ఈ రెండు రకాలూ రెండు వేర్వేరు అవసరాలలోంచి పుట్టాయి. 4 వరుసలు, 4 నిలువులుగా 16 రబ్బరు ప్యాడ్లు పెట్టే పద్ధతిని రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ ఎంపీసీ60 యంత్రం 1988లో స్థిరపరచింది. అది వేళ్లతో డ్రమ్స్ వాయించడానికి చేసిన యంత్రం. వెలిగే గళ్ల గ్రిడ్ల దారి వేరు. 2006లో మోనోమ్ అనే చిన్న పెట్టె, ఆ తరువాత 2009లో నోవేషన్ లాంచ్‌ప్యాడ్ వచ్చి, లూపులను (మళ్లీమళ్లీ తిరిగే సంగీతపు ముక్కలను) ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో సూచించే బల్లగా గ్రిడ్‌ను నిలబెట్టాయి. ఏబుల్టన్ లైవ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో లూపులు పేర్చే సెషన్ వ్యూ తెర మీద నిలువుగా ట్రాకులు, అడ్డంగా సీన్లు (ఒకేసారి మొదలయ్యే లూపుల వరుసలు) ఉంటాయి కదా, 8 ట్రాకులు, 8 సీన్లు ఒక్క చూపులో కనబడేటట్లు 64 గళ్లు పెట్టారు. అక్కడ వేలి బలంతో పనిలేదు. ఏ లూప్ నడుస్తోంది, ఏది తన వంతు కోసం ఎదురుచూస్తోంది అన్నది దీపం రంగును బట్టి తెలిస్తే చాలు.

పేర్లతో చెప్పాలంటే, అకాయ్ ఎంపీడీ218లో వెలాసిటీ ఉన్న 16 ప్యాడ్లు, మూడు బ్యాంకులు (అవే ప్యాడ్లకు మూడు వేర్వేరు కేటాయింపులు), 6 నాబులు ఉంటాయి. యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. ఆర్టూరియా బీట్‌స్టెప్‌లో 16 ప్యాడ్లతో పాటు 16 తిప్పుడు నాబులు ఉంటాయి, ప్యాడ్లు మాత్రం కాస్త చిన్నవి. కార్గ్ నానోప్యాడ్2 సంచిలో ఇట్టే ఇమిడిపోతుంది, ప్రయాణాలలో పనికొస్తుంది, కానీ ఎక్కువ సేపు వాయించడానికి నాకు అంత సుఖంగా అనిపించలేదు. గ్రిడ్ల వైపు చూస్తే లాంచ్‌ప్యాడ్ మినీ ఎంకే3, అకాయ్ ఏపీసీ మినీ రెండూ వెలాసిటీ లేని బొత్తాల పరికరాలు. ఏపీసీ మినీలో 9 ఫేడర్లు (పైకీ కిందకీ జరిపే మీటలు) అదనం. లాంచ్‌ప్యాడ్ ఎక్స్‌లో మాత్రం 64 గళ్లకూ వెలాసిటీ, నొక్కిపట్టిన ఒత్తిడి రెండూ ఉంటాయి. పెట్టె మీద వెలాసిటీ సెన్సిటివ్ అన్న మాట కనబడకపోతే లేదనే అనుకోండి. అమ్మేవారి నోటిమాట మీద ఆధారపడకుండా తయారీదారు ఇచ్చిన వివరాల పత్రంలో చూసుకోండి.

మీరు సెషన్ వ్యూలో లూపులు పేర్చి పాట నడిపించే పద్ధతిలో పనిచేస్తున్నానని రాసి ఉంటే నా సలహా మారి, లాంచ్‌ప్యాడ్ ఎక్స్ వైపు వెళ్లేది. మీరు చెప్పినది డప్పు దరువులు కట్టడం, శాంపిళ్లు ముక్కలు చేసి వాయించడం. దానికి పెద్ద ప్యాడ్లు, వాటి మధ్య తగినంత ఎడం, రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడు వేళ్లూ తట్టుకోకుండా ఆడే చోటు కావాలి. చిన్న గళ్ల మీద వేగంగా వాయిస్తే పక్క గడి తగులుతుంది.

మంచి ప్యాడ్ కొన్నంత మాత్రాన దరువు పలకదు, దాన్ని మీ చేతికి తగినట్లు సర్దుకోవాలి. ఇలాంటి పరికరాలలో థ్రెషోల్డ్, సెన్సిటివిటీ, వెలాసిటీ కర్వ్ అని మూడు అమరికలు ఉంటాయి. థ్రెషోల్డ్ అంటే ఎంత చిన్న దెబ్బ నుంచి లెక్కలోకి తీసుకోవాలన్నది. అది ఎక్కువైతే సన్నని దెబ్బలు మాయమవుతాయి, తక్కువైతే పక్క ప్యాడ్ అదురుకు కూడా శబ్దం పుడుతుంది. సెన్సిటివిటీ అంటే ప్యాడ్ మొత్తంగా ఎంత సున్నితంగా స్పందించాలన్నది. కర్వ్ అంటే మీ బలం అంకెగా మారే తీరు. మృదంగం, డోలు వంటివి నేర్చిన చేతులు ప్యాడ్ మీద గట్టిగా పడతాయి, వారికి అన్ని దెబ్బలూ 110 పైనే పడుతుంటాయి. వారు నెమ్మదిగా పెరిగే కర్వ్ పెట్టుకోవాలి. కీబోర్డు అలవాటుతో వచ్చినవారికి దీనికి వ్యతిరేకమైనది సుఖం. నేను డప్పు శాంపిళ్లను నాలుగు పొరలుగా రికార్డు చేసి, 40 లోపు ఒకటి, 80 లోపు ఒకటి, 110 లోపు ఒకటి, ఆ పైన ఒకటి పలికేటట్లు పెట్టుకుంటాను. ఒకే శాంపిల్‌ను చిన్నగా, పెద్దగా వినిపించడం వేరు. మెల్లగా కొట్టిన డప్పును మెల్లగానే రికార్డు చేసి వినిపించడం వేరు. తోలు మీద పడిన బలాన్ని బట్టి డప్పు గొంతే మారుతుంది, ఒట్టి వాల్యూమ్ తగ్గింపుతో ఆ గొంతు రాదు.

నోట్ నంబర్ల గురించి ఒక్క మాట. చాలా పరికరాలలో ఎడమ చేతి కింది మూల ప్యాడ్ 36తో మొదలవుతుంది. ఏ నంబర్‌కు ఏ డ్రమ్ పలకాలో చెప్పే జనరల్ మిడి పట్టికలో 36 కిక్, 38 స్నేర్, 42 మూసిన హై హ్యాట్, 46 తెరిచిన హై హ్యాట్. ఏబుల్టన్ డ్రమ్ ర్యాక్ కూడా 36తోనే తెరుచుకుంటుంది. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లోని ఎఫ్‌పీసీ అనే డ్రమ్ ప్లగిన్‌లో ప్యాడ్లు ఒకచోట కొడితే మరొకచోట పలుకుతున్నాయంటే పరికరం పాడైందని కంగారు పడవద్దు, నంబర్లు సరిపోలలేదని అర్థం. ఒకసారి కుదుర్చుకుని ప్రీసెట్‌గా దాచుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు డీజే పని. ఇక్కడే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. మిడి కంట్రోలర్ శబ్దం చేయదు, శబ్దాన్ని మోయదు కూడా; ఫలానా ప్యాడ్ కొట్టారు అని కంప్యూటర్‌కు కబురు చెప్పడమే దాని పని. డీజేకు కావలసినది రెండు వేర్వేరు శబ్ద మార్గాలు: సభకు వెళ్లే మాస్టర్ ఒకటి, తరువాతి పాటను హెడ్‌ఫోన్‌లో ముందే వినే క్యూ ఒకటి. రెండూ స్టీరియో కనుక మొత్తం నాలుగు అవుట్‌పుట్లు. స్నేహితుడి రెండు డెక్కుల కంట్రోలర్‌లో ఈ నాలుగు అవుట్‌పుట్ల సౌండ్ కార్డ్ లోపలే దాగి ఉంది, అందుకే ఇన్నాళ్లూ దాని అవసరం మీకు తెలిసి ఉండదు. ప్యాడ్ కంట్రోలర్ కొని, పాటలు పాడుకునేవారికోసం చేసిన రెండు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (బయట తగిలించే సౌండ్ కార్డ్) పక్కన పెట్టుకుంటే సభకు ఏది వెళుతుందో హెడ్‌ఫోన్‌లోనూ అదే వినబడుతుంది. తరువాతి పాటను వినకుండా కలపవలసి వస్తుంది. కనుక ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు నాలుగు అవుట్‌పుట్లు ఉన్నాయా అని చూడండి. వాటిలో 3, 4 అవుట్‌పుట్లను హెడ్‌ఫోన్‌కు పంపగలగాలి.

అంతవరకు గడుపుకోవడానికి చవకైన ఉపాయం ఒకటి ఉంది. స్టీరియో శబ్దంలోని ఎడమ, కుడి భాగాలను విడదీసే స్ప్లిటర్ కేబుల్ ఒకటి తీసుకుని, ఎడమవైపు సభకూ, కుడివైపు హెడ్‌ఫోన్‌కూ ఇవ్వడం. మోనో స్ప్లిట్‌కు వీలున్న డీజే సాఫ్ట్‌వేర్లలో ఇది పనిచేస్తుంది. సభకు మోనో వెళుతుంది, నిజమే. కానీ మన మండపాలలో సౌండ్ సర్వీసు వారు స్పీకర్లను చాలాసార్లు మోనోగానే కలుపుతారు కనుక చిన్న వేడుకలలో లోటు తెలియదు. పెద్ద కార్యక్రమానికి మాత్రం దీన్ని నమ్ముకోకండి.

రెండో లోటు జాగ్ వీల్, అంటే పాటను చేత్తో ముందుకూ వెనక్కూ జరిపే చక్రం, లేకపోవడం. బీపీఎం (నిమిషానికి పడే బీట్ల సంఖ్య) కచ్చితంగా ఉన్న కొత్త పాటలతో అది పెద్ద ఇబ్బంది కాదు, రెండు పాటల లయను కలిపే సింక్ నొక్కితే సరిపోతుంది. కానీ పెళ్లిలో పెద్దవాళ్లు అడిగేవి పాత పాటలు. లయ చెప్పే క్లిక్ ట్రాక్ లేకుండా వాద్యబృందమంతా కలిసి వాయించిన రికార్డింగులలో లయ కొంచెం ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అది వాటి అందం కూడా. సాఫ్ట్‌వేర్ పాట మొత్తానికీ ఒకే బీపీఎం వేసి గీసిన బీట్‌గ్రిడ్ (బీట్లు ఎక్కడ పడతాయో చూపే గీతలు) రెండో చరణానికి వచ్చేసరికి తప్పిపోతుంది. జాగ్ వీల్ ఉంటే వేలితో కొంచెం తోసి సరిచేస్తాము. ప్యాడ్ల మీద పనిచేసేవారు రెండు ప్యాడ్లను పిచ్ బెండ్‌కు, అంటే నొక్కి ఉంచినంతసేపు పాటను కాస్త ముందుకు, కాస్త వెనక్కు జరపడానికి కేటాయించుకోవాలి. దానితో పాటు పాత పాటలకు బీట్‌గ్రిడ్‌ను ఇంట్లోనే చేత్తో సరిచేసుకుని వెళ్లాలి. సాధన చేస్తే అలవడుతుంది, అయితే చక్రం తిప్పినంత సహజంగా మాత్రం రాదు.

మన ఊరేగింపు దరువుల విషయంలో మరో చిక్కు ఉంది, దీన్ని గురించి తెలుగులో ఎవరూ వివరంగా రాయగా నేను చూడలేదు కనుక ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను. తీన్మార్ వంటి దరువులు తిశ్ర గతిలో, అంటే ఆరెనిమిది లెక్కలో నడుస్తాయి. ప్రతి పెద్ద దెబ్బలో మూడు చిన్న దెబ్బలు ఉంటాయి. నిమిషానికి 100 పెద్ద దెబ్బలు పడే పాటలో చిన్న దెబ్బలు 300. సాఫ్ట్‌వేర్ అన్ని పాటలూ చతురశ్రంలోనే (పెద్ద దెబ్బను రెండుగా, నాలుగుగా విభజించే లెక్కలోనే) ఉంటాయని అనుకుని, ఆ చిన్న దెబ్బలను రెండేసిగా కట్టి పాట బీపీఎం 150 అని చూపించవచ్చు. అప్పుడు మీరు ప్యాడ్ కొట్టి 4 బీట్ల లూప్ వేస్తే 8 చిన్న దెబ్బల దగ్గర తెగుతుంది. ఆవర్తం 6 దెబ్బలది కనుక లూప్ ప్రతిసారీ కుంటుతుంది, జనం అడుగులు తడబడతాయి. అదే పాటకు బీపీఎంను 100గా దిద్దితే 4 బీట్లలో 12 చిన్న దెబ్బలు, అంటే సరిగ్గా రెండు ఆవర్తాలు వస్తాయి, లూప్ అతుకు తెలియకుండా తిరుగుతుంది. లూప్ వేసినప్పుడల్లా కుంటుతోందంటే చాలామంది ప్యాడ్ ఆలస్యంగా స్పందిస్తోందని అనుకుంటారు; ముందు ఈ లెక్క చూసుకోండి.

బీట్లు కట్టేటప్పుడు కూడా ఇదే సూత్రం. నోట్ రిపీట్ ఉన్న కంట్రోలర్ తీసుకుంటే అందులో ట్రిప్లెట్ (మూడేసి) విభజనలు ఉన్నాయో లేవో తప్పక చూడండి. ప్యాడ్ నొక్కి ఉంచితే దానంతట అదే దెబ్బలు పడే ఆ సౌకర్యం చతురశ్రంలో మాత్రమే ఉంటే మన దరువుకు పనికిరాదు. గ్రిడ్ వాడేవారు 8 నిలువులను చూసి సహజంగానే 8, 16 లెక్కలలోకి జారిపోతారు. నేను గ్రిడ్ మీద పనిచేసిన రోజుల్లో 6 నిలువులను దరువుకు వాడి, మిగిలిన రెండింటిలో ముక్తాయింపులు పెట్టుకునేవాడిని. 16 ప్యాడ్ల మీద వేళ్లతో వాయిస్తే ఆ సమస్యే ఉండదు; వేలికి తిశ్రం, చతురశ్రం రెండూ ఒకటే.

డీజే సాఫ్ట్‌వేర్‌లో 16 ప్యాడ్లను ఎలా పంచుకోవాలన్నది ఎవరి అలవాటు వారిది. నాది చెబుతాను. ఎడమవైపు రెండు నిలువులు మొదటి డెక్‌కు, కుడివైపు రెండు నిలువులు రెండో డెక్‌కు ఇస్తాను. ఒక్కొక్క వైపు 8 ప్యాడ్లు వస్తాయి, అవి 8 హాట్ క్యూలకు (పాటలో ముందే గుర్తుపెట్టుకుని వెంటనే దూకే చోట్లకు) సరిపోతాయి. రెండో బ్యాంకులో లూపులు, పిచ్ బెండ్, పాటలోంచి గొంతును, డ్రమ్స్‌ను విడదీసే స్టెమ్స్ స్విచ్చులు ఉంటాయి. మూడో బ్యాంకు ఉన్నా కార్యక్రమంలో వాడను. ఏ బ్యాంకులో ఉన్నానో చీకట్లో గుర్తుపెట్టుకోవడం కష్టం. డీజే పనికి ప్యాడ్ స్విచ్చుగా మారుతుంది కనుక అప్పుడు ఫుల్ లెవెల్ అన్న బొత్తాన్ని వేసి ఉంచండి. ప్రతి దెబ్బా 127గా వెళుతుంది. కొన్ని మ్యాపింగులు (ఏ ప్యాడ్ ఏ పని చేయాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే అమరికలు) 64 కన్నా తక్కువ అంకె వస్తే ఆఫ్ అని అర్థం చేసుకుంటాయి, మెల్లగా తట్టిన హాట్ క్యూ పలకకుండా పోవడానికి అదే కారణం.

సెరాటో డీజే ప్రో, రికార్డ్‌బాక్స్, ట్రాక్టర్, వర్చువల్ డీజే అనే డీజే సాఫ్ట్‌వేర్లన్నీ ఇలాంటి మిడి పరికరాన్ని కలుపుకోనిస్తాయి, కానీ ఉచితంగా దొరికే రూపాలలో పరిమితులు ఉంటాయి, కొనే ముందు మీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మ్యాపింగ్‌కు ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. మిక్స్ (Mixxx) అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, సోర్సు కోడ్ కూడా బహిరంగమే. మ్యాపింగ్ నేర్చుకోవడానికి దాన్ని మించిన బడి లేదు.

నాబుల గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. అమరావతి రోడ్డులోని ఒక మండపంలో రిసెప్షన్ జరుగుతుండగా, ఒకే నాబ్‌ను ఒక బ్యాంకులో ఫిల్టర్‌కూ మరో బ్యాంకులో డెక్ వాల్యూమ్‌కూ పెట్టుకున్నాను. ఫిల్టర్ కోసం నాబ్‌ను పూర్తిగా తిప్పి, బ్యాంకు మార్చి, వాల్యూమ్ కొద్దిగా పెంచబోయి వేలు వేశాను. నాబ్ చివర ఉన్నందున వాల్యూమ్ ఒక్కసారిగా 127కు ఎగిరింది. స్పీకర్ దగ్గర కూర్చున్న ముసలామె ఉలిక్కిపడి చెవులు మూసుకోవడం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్లు ఉంటుంది. ఒక హద్దు నుంచి మరో హద్దు వరకే తిరిగే నాబులతో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నాబ్ అసలు విలువ దగ్గరికి వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోకుండా చేసే సాఫ్ట్ టేకోవర్ అమరికను తప్పక వేసుకోండి. వాల్యూమ్‌కు కేటాయించిన నాబ్‌ను మరే పనికీ వాడకండి.

ఆలస్యం గురించి మీరు విడిగా అడగలేదు, కానీ ప్యాడ్ కొన్న వారం రోజులకు వచ్చే మొదటి ఫిర్యాదు అదే. దెబ్బకూ శబ్దానికీ మధ్య ఆలస్యం ప్యాడ్ వల్ల రావడం అరుదు. 1983లో వచ్చిన పాత అయిదు పిన్నుల మిడి తీగ కూడా సెకనుకు 31,250 బిట్లు మోస్తుంది, ఒక నోట్ సందేశం సుమారు ఒక్క మిల్లీసెకనులో చేరిపోతుంది. ఆలస్యం సౌండ్ కార్డ్ బఫర్‌లో, అంటే శబ్దాన్ని బయటికి పంపే ముందు కాస్త పోగుచేసే చోట, ఉంటుంది. సెకనుకు 44,100 శాంపిళ్లు (ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్కొక్క కొలత) తీసే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 512 అంటే 11.6, దీనికి డ్రైవర్ ఆలస్యం కొంత కలుస్తుంది. శబ్దం గాలిలో మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది కనుక, 512 దగ్గర వాయించడం అంటే డప్పును నాలుగు మీటర్ల అవతల పెట్టి కొట్టినట్లు. విండోస్‌లో తయారీదారు ఇచ్చిన ఏషియో (ASIO) డ్రైవర్, అంటే ఆలస్యాన్ని తగ్గించే సౌండ్ కార్డ్ సాఫ్ట్‌వేర్, తప్పనిసరి. బ్లూటూత్ స్పీకర్ మీద ప్యాడ్లు వాయించి పరికరం మీద తీర్పు చెప్పకండి, అందులోని ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం సాధారణం.

ఇక్కడ మీ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. ఇంట్లో వేళ్లతో దరువు వాయించడానికి 128 కావాలి. వేడుకలో పాట తెగకుండా నడవడమే ముఖ్యం కనుక 512 క్షేమం. మే నెల మధ్యాహ్నం షామియానా కింద వేడెక్కి వేగం తగ్గిన 8 జీబీ ల్యాప్‌టాప్ మీద 128 పెడితే చిటపటలు మొదలవుతాయి. పాటల మధ్యలో డప్పు ప్యాడ్లు కూడా వాయించాలనుకున్న రోజున 256 పెట్టి, స్టెమ్స్ ఆపివేయండి. అలాగే హాలు చివర ఉన్న స్పీకర్‌ను వింటూ వాయించకండి, 15 మీటర్ల దూరానికే 44 మిల్లీసెకన్లు గడుస్తాయి. హెడ్‌ఫోన్‌లోనో, దగ్గర పెట్టుకున్న మానిటర్‌లోనో వినండి.

కరెంటు విషయంలో జాగ్రత్తలు కొన్నే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. సొంత అడాప్టర్ లేని చవక హబ్‌లో ప్యాడ్ కంట్రోలర్, సౌండ్ కార్డ్, పెన్‌డ్రైవ్ మూడూ పెడితే ఆ కరెంటునే మూడూ పంచుకుంటాయి, సరిగ్గా ఊరేగింపు గేటు దగ్గరికి వచ్చినప్పుడే ప్యాడ్ల దీపాలు ఆరిపోతాయి. ప్యాడ్లను, సౌండ్ కార్డ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి. విండోస్ పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. జనరేటర్ మీద నడిచేచోట ఛార్జర్ తగిలించగానే స్పీకర్లలో గుయ్యిమనే మోత వస్తే అది ఎర్తింగ్ గొడవ. ఆ మోతను తగ్గించే డీఐ బాక్స్ ఒకటి సంచిలో ఉంచుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే భయపడనక్కరలేదు, కానీ పరీక్షించకుండా తీసుకోకండి. మీ ల్యాప్‌టాప్ తీసుకువెళ్లి, మిడి సందేశాల అంకెలు కనబడే తెర తెరిచి పెట్టుకుని, ప్రతి ప్యాడ్‌ను మెల్లగా పదిసార్లు, గట్టిగా పదిసార్లు తట్టండి. మెల్లగా తట్టినప్పుడు అంకెలు దగ్గరదగ్గరగా రావాలి. ఒకసారి 25, మరుసారి 90 వస్తుంటే ఆ ప్యాడ్ కింది పొర అరిగిపోయింది. ఒక్క దెబ్బకు రెండు నోట్లు వెళుతున్నాయేమో చూడండి. ప్యాడ్ మధ్యలోనే కాక నాలుగు మూలలా కొట్టండి. ఒక ప్యాడ్‌ను గట్టిగా కొట్టినప్పుడు పక్క ప్యాడ్ పలికితే థ్రెషోల్డ్ పెంచి మళ్లీ చూడండి, అప్పుడూ పలికితే వదిలేయండి. కేబుల్‌ను సాకెట్ దగ్గర కొంచెం కదిపితే దీపాలు మినుకుమనకూడదు. నేను చూసిన పాత కంట్రోలర్లలో ముందుగా పోయేది ఆ సాకెట్టే. ఎడమ కింది మూల రెండు ప్యాడ్లను ప్రత్యేకంగా గమనించండి, కిక్, స్నేర్ ఎక్కువమంది అక్కడే పెట్టుకుంటారు కనుక అరుగుదల అక్కడే ఎక్కువ.

25 కీలు, 8 ప్యాడ్లు కలిసి వచ్చే ఎంపీకే మినీ వంటివాటి గురించి కూడా మీ మనసులో ఉండవచ్చు. రాగాలు కూడా అల్లాలనుకునేవారికి అవి మంచివి. డప్పే ప్రధానమైన మీకు 8 ప్యాడ్లు చాలవు.

ఇక డబ్బు సంగతి. వేడుకలే మీ ఇంటికి ఆదాయమైతే, స్నేహితుడి కంట్రోలర్ రేపటి నుంచి దొరకదనుకుంటే, ముందు డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 వంటి రెండు డెక్కుల కంట్రోలర్ కొనండి. జాగ్ వీల్‌లు, సౌండ్ కార్డ్, ఒక్కొక్క వైపు 8 ప్యాడ్లు అందులోనే ఉంటాయి. ఆ ప్యాడ్లు హాట్ క్యూల కోసం చేసినవి కనుక బీట్లకు సరిపోవు, ఆ పని ఇంకొన్నాళ్లు మౌస్‌తో చేసుకోవలసి వస్తుంది. స్నేహితుడి పరికరం ఇంకో ఏడాది దొరుకుతుందన్న నమ్మకం ఉంటే ఇప్పుడే 16 ప్యాడ్ల కంట్రోలర్ తీసుకుని, దాన్ని ఆ కంట్రోలర్ పక్కనే పెట్టుకుని వాయించండి. పాటలు కలపడం దాని మీద, డప్పు, హాట్ క్యూలు మీ ప్యాడ్ల మీద. నాలుగు అవుట్‌పుట్ల ఇంటర్‌ఫేస్‌ను తరువాతి ముహూర్తాల డబ్బుతో కొనవచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే రెండో దారే మీకు నప్పుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కొన్న తరువాత డీజేకు ఒకటి, బీట్లకు ఒకటి చొప్పున రెండు ప్రీసెట్లు తయారుచేసి కంట్రోలర్‌లోనే దాచుకోండి, డీజే సాఫ్ట్‌వేర్ మ్యాపింగ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. ల్యాప్‌టాప్ మొరాయించిన రోజున మరొకరి ల్యాప్‌టాప్ మీద అయిదు నిమిషాలలో మీ ప్యాడ్లు మీ వేళ్లకు తెలిసినట్లే పలుకుతాయి.